అతుకుల బొంత: రంగు కాదు, లేత ముదురు చూడండి

(కుట్టుపని మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి మైకు వినిపిస్తోందా? సరే. ముందుగా ఒక ప్రశ్న. ఇంట్లో గుడ్డముక్కల సంచి ఉన్నవాళ్ళు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. అలాగే ఉంచండి. ఆ సంచిలోని ముక్కలతో ఒక్క బొంతయినా మొదలుపెట్టి పూర్తి చేసినవాళ్ళు ఉంచండి, మిగతావాళ్ళు దించేయండి. చూశారా ఎన్ని చేతులు దిగాయో!

సంచి నిండుతూనే ఉంటుంది, బొంత మాత్రం అవదు. ఎందుకని? ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "ఏం కుట్టమంటారండీ, ఒక ముక్క రంగు ఇంకో ముక్కతో కలిసి చావదు." ఇదే కదా? తలలూపుతున్నారు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఒకటే మాట. దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెబుతాను, విసుక్కోకండి. రంగులు కలవాల్సిన పనే లేదు. ముక్క ఎర్రదా, పచ్చదా, నీలమా అన్నది తర్వాతి సంగతి. ముందు అది లేతదా ముదురుదా చూడండి. బొంతలో డిజైనును నిలబెట్టేది ఆ లేత ముదురు తేడానే. రంగు దాని వెంట వస్తుంది.

నమ్మకం కుదరడం లేదు కదూ? అందుకే ఈ రెండు బ్లాకులు తెచ్చాను. బ్లాకు అంటే ముక్కలు అతికి కుట్టిన ఒక గడి, ఇలాంటివి కలిపితేనే బొంత. ఇటు చూడండి. రెండింట్లో ఉన్నవి అవే గుడ్డలు, అవే పట్టీలు. కుడిచేతిలో ఉన్నదాన్ని చేతికి ఏది వస్తే అది తీసి కుట్టాను. ఏముంది ఇందులో? గందరగోళం. ఇప్పుడు ఎడమచేతిది చూడండి. మధ్యలో చిన్న చతురస్రం, దాని చుట్టూ పట్టీలు. పక్కపక్కనున్న రెండు వైపులా లేత పట్టీలే వేశాను, మిగతా రెండు వైపులా ముదురువే వేశాను. అంతే తేడా. ఒక మూల నుంచి ఎదుటి మూలకి గీత గీసినట్టు సగం వెలుగు, సగం నీడ. లేత వైపు ఏమేం ఉన్నాయి? గులాబీ రంగు ఉంది, లేత ఆకుపచ్చ ఉంది, చుక్కల పసుపు ఉంది. ఇవి మూడూ కలుస్తాయని విడిగా చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. ఇక్కడ మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు.

దీన్ని లాగ్ క్యాబిన్ అంటారు. అమెరికాలో 1860ల నుంచి బాగా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. మిగిలిపోయిన పట్టీలకి దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఒకే రకం బ్లాకులు కుట్టుకుని, చివర్లో నేలమీద పరిచి, తిప్పి తిప్పి చూసుకోవచ్చు. నాలుగు బ్లాకుల లేత మూలలు మధ్యలో కలిసేలా పెడితే వెలుగు డైమండు వస్తుంది. అన్నిటినీ ఒకే దిక్కుకి పెడితే ఏటవాలు చారలు వస్తాయి. కుట్టేది ఒకటే బ్లాకు, బొంతలు మాత్రం ఎన్నో.

మరి లేత ముదురు కనిపెట్టడం ఎలా? ముక్కల్ని నేలమీద పరిచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, కళ్ళు సగం మూసి చూడండి. ఇంకా అనుమానంగా ఉంటే ఫోను తీసి ఫొటో కొట్టి దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేయండి. రంగు పోయి అసలు సంగతి తేలిపోతుంది. ఒకసారి ఎరుపునీ ఆకుపచ్చనీ పక్కపక్కన పెట్టి ఇలా ఫొటో తీయండి. కంటికి అవి పోట్లాడుకుంటున్నట్టే ఉంటాయి. రెండూ ఒకే పాటి ముదురువైతే ఫొటోలో ఒకే బూడిద రంగు ముద్దయిపోతాయి. అలాంటి రెంటిని ఆధారం చేసుకుని డిజైను కుడితే దూరం నుంచి ఆ డిజైనే కనబడదు. ఎంతో కష్టపడి కుట్టి, "ఎక్కడో తేడా కొట్టిందండీ" అంటారు. తేడా కొట్టింది ఇక్కడే.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. పారిస్‌లో గోబెలిన్స్ అని బొమ్మల తెరలు నేసే పెద్ద కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకం విభాగానికి మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త డైరెక్టరుగా వచ్చాడు. ఆయనకి వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి నల్ల దారం మీద. నీలం, ఊదా మడతల నీడలకి వాడితే నలుపు నలుపులా లేదు, నీరసంగా ఉంది అని. అద్దకంలో లోపం ఉందేమోనని వేరే చోట్ల అద్దిన నల్ల దారాలు తెప్పించి పోల్చి చూశాడు. దారంలో ఏ లోపమూ లేదు. మరి లోపం ఎక్కడుంది? పక్కనున్న నీలంలో ఉంది. ఒక రంగు పక్కన ఇంకో రంగు పెడితే మన కంటికి రెండూ మారిపోతాయని ఆయన తేల్చి, 1839లో ఆ పరిశోధన అంతా ప్రచురించాడు.

ఈ కథ మనకెందుకు? మన సంచిలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం పూర్తి లేతా కాదు, పూర్తి ముదురూ కాదు. నడిమి రకం. వాటిని చూసే మనం బెదిరిపోతాం. బెదరక్కర్లేదు. నడిమి ముక్కని తెల్లటివాటి మధ్య పెడితే ముదురు అవుతుంది, నల్లటివాటి మధ్య పెడితే లేత అవుతుంది. తన పాత్ర ఏమిటో అది నిర్ణయించుకోదు, పక్కది నిర్ణయిస్తుంది. "ఈ ముక్క అసహ్యంగా ఉంది" అని ఎవరైనా అంటే నేను అడిగేది ఒకటే. దేని పక్కన?

నిజానికి అందరి సంచుల్లోనూ కరువయ్యేది లేత ముక్కలకే. ముదురువీ నడిమివీ కుప్పలుగా ఉంటాయి. అప్పుడేం చేయాలి? ప్రింటు గుడ్డని తిరగేయండి. చాలా ప్రింట్లకి వెనకవైపు పలచగా, వెలిసినట్టు ఉంటుంది. ఆ వైపునే పైకి పెట్టి కుట్టండి. తప్పా? తప్పేం లేదు. గుడ్డకి రెండు వైపులున్నాయి, రెండింటికీ మనమే డబ్బు పెట్టాం.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి మహిళలు తరతరాలుగా కుట్టిన బొంతలు 2002లో మ్యూజియాలకి ఎక్కాయి. ముందు హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో వాటి బొమ్మలతో పోస్టల్ స్టాంపులు కూడా వచ్చాయి. ఆ బొంతల్లో చాలావాటికి వాడింది ఏమిటి? పొలం పనుల్లో అరిగిపోయిన బట్టలు. వెలిసిన ప్యాంటు గుడ్డ, దాని మీద జేబు ఊడదీసిన చోట మాత్రం వెలవకుండా మిగిలిన ముదురు నీలం. ఒకే గుడ్డలో లేతా ముదురూ రెండూ ఉన్నాయి, చూశారా! మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ చనిపోయిన తన భర్త పనిబట్టలతో 1942లో కుట్టిన బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ సేకరణలో ఉంది. కొత్త గుడ్డలు కొని, మ్యాచింగ్ చూసి కుట్టింది కాదది.

కోతలో లెక్క

ఇక పనిలోకి వద్దాం. ముక్క చిన్నదైనకొద్దీ దానిలో కుట్టు మింగేది ఎక్కువ. ఎంత ఎక్కువో ఎప్పుడైనా లెక్కేశారా? చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది అనుకుందాం. నాలుగున్నర అంగుళాల చతురస్రం కుట్టాక నాలుగు అంగుళాలు కనబడుతుంది. గుడ్డలో 21 శాతం లోపలికి పోయింది. రెండున్నర అంగుళాలది రెండు అవుతుంది, 36 శాతం పోయింది. ఒకటిన్నర అంగుళాలది ఒకటే అంగుళం మిగులుతుంది. సగానికి పైగా, దాదాపు 56 శాతం, కుట్టులోకే. అంటే ఇంకా చిన్న ముక్కల్ని "గుడ్డ వృథా కాకూడదు" అని కుడితే ఆ గుడ్డలో ఎక్కువ భాగం ఎవరికీ కనబడని చోట దాక్కుంటుందన్నమాట. దాక్కోవడమే కాదు, మందం పెంచుతుంది.

మరి అరవై అంగుళాల వెడల్పు, డెబ్భై రెండు అంగుళాల పొడవు బొంతకి ఎన్ని ముక్కలు? కనబడేది నాలుగంగుళాలైతే 270. రెండంగుళాలైతే 1080. ఒక్క అంగుళమైతే 4320. ఇప్పుడు చెప్పండి, మొదటి బొంతకి ఎవరైనా అంగుళం ముక్కలు తీసుకుంటారా? వద్దండీ బాబూ.

నేను చెప్పేది మూడు సైజులే పెట్టుకోమని. ఒకటిన్నర అంగుళాల వెడల్పు పట్టీలు, రెండున్నర అంగుళాల చతురస్రాలు, నాలుగున్నర అంగుళాల చతురస్రాలు. ఇవే ఎందుకు? కుట్టాక అవి ఒకటి, రెండు, నాలుగు అవుతాయి. నాలుగు రెండున్నర ముక్కలు కలిపి కుడితే సరిగ్గా ఒక నాలుగున్నర ముక్క సైజు వస్తుంది. నాలుగున్నర పొడవున్న నాలుగు పట్టీలు పక్కపక్కన కుట్టినా అంతే. ఏది తీసి దేని పక్కన పెట్టినా అమరుతుంది, కొత్తగా లెక్క వేసుకోనక్కర్లేదు. ఏదైనా బట్ట కుట్టడం అయిపోగానే, మిగిలిన ముక్కని సంచిలో కుక్కే ముందే ఇస్త్రీ చేసి, ఈ మూడు సైజుల్లో పెద్దది ఏది వస్తే అది కోసేసి, లేత డబ్బాలోనో ముదురు డబ్బాలోనో వేసేయండి. బొంత మొదలుపెట్టే రోజున సగం పని అయిపోయి ఉంటుంది. సంచి అసలు ఉండకూడదు. డబ్బాలే ఉండాలి.

కోసేటప్పుడు పడుగు, పేక పోగుల వెంట, అంటే గుడ్డలో నిలువుగా, అడ్డంగా ఉన్న పోగుల వెంట కోయండి. క్రాస్‌గా కోసిన అంచు సాగుతుంది. కత్తెర చాలు, రోటరీ కట్టరు (చక్రంలా తిరిగే బ్లేడు), దాని కింద పరిచే మ్యాట్ ఉంటే సుఖం.

కుట్టులో పావు అంగుళం అంటే పావు అంగుళమే. ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చిందనుకోండి. కంటికి ఆనదు. కానీ ముప్ఫై ముక్కల వరసలో ఇరవై తొమ్మిది కుట్లుంటాయి. దాదాపు రెండంగుళాలు పొట్టిగా వస్తుంది ఆ వరస. పక్క వరస సరిగ్గా ఉంటే? లాగుతారు, ముడతలు పడుతుంది, టెన్షన్ మొదలు. మీ మెషిన్ సరిగ్గా కుడుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మూడు ఒకటిన్నర అంగుళాల పట్టీలు పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీని కొలవండి. సరిగ్గా అంగుళం ఉండాలి. లేకపోతే ఉండేదాకా మెషిన్ మీద గుర్తుగా అతికించిన టేపుని జరపండి.

ఇస్త్రీ గురించి ఒక్క మాట. రుద్దకండి, అద్దండి. పెట్టె పైకెత్తి దించండి, అటూ ఇటూ లాగితే ముక్క సాగుతుంది. కుట్టు మడతని ముదురు ముక్క వైపు పడేయండి, లేదంటే లేత ముక్కలోంచి నీడలా కనబడుతుంది. ఒక వరసలో మడతలన్నీ కుడికి, తర్వాతి వరసలో ఎడమకి పడితే రెండు వరసలు కలిపేటప్పుడు మూలలు ఒకదానికొకటి లాక్ అయిపోతాయి. రెండు నియమాలూ ఒకదానితో ఒకటి పోట్లాడిన చోట నేను రెండోదానివైపే ఉంటాను.

ఆ మూలన ఎవరో అడుగుతున్నారు. "మరి మూడు సైజుల్లో దేనికీ రానివి? వంకర ముక్కలు, సన్న పీలికలు?" మంచి ప్రశ్న, దాని కోసమే ఎదురుచూస్తున్నాను.

సన్న పీలికలకి కాగితం తీసుకోండి. పలచటి పాత కాగితాన్ని నాలుగున్నర కంటే కాస్త పెద్ద చతురస్రంగా కోయండి. మూల నుంచి మూలకి ఒక పీలిక పరవండి, మంచి వైపు పైకి. దాని మీద రెండో పీలిక బోర్లా పెట్టి, అంచు వెంట కాగితంతో సహా కుట్టేయండి. తిరగేసి ఇస్త్రీతో అద్దండి. తర్వాత మూడోది. అలా కాగితం కనబడకుండా అయ్యేదాకా. చివర్లో నాలుగున్నరకి కోసి, కాగితం చింపేయండి. కుట్టుని ఒకటిన్నర మిల్లీమీటరుకి తగ్గిస్తే దగ్గర దగ్గర రంధ్రాలు పడి కాగితం తేలిగ్గా చిరుగుతుంది. పీలికలు ఒకే వెడల్పు ఉండక్కర్లేదు, తిన్నగా కూడా ఉండక్కర్లేదు. కాగితమే వాటిని పట్టుకుంటుంది. కాగితం చింపే ఓపిక లేకపోతే దాని బదులు అరిగిపోయిన పలచటి గుడ్డ వాడి లోపలే వదిలేయండి.

వంకర ముక్కలకైతే కొలతే వద్దు. రెండు ముక్కలు కలిపి కుట్టండి, ఒక అంచు తిన్నగా కోయండి, ఆ అంచుకి మూడోది అతకండి, మళ్ళీ కోయండి. నాలుగున్నర దాటాక స్కేలు పెట్టి చతురస్రం చేయండి. ఇందులో మాత్రం లేతవన్నీ ఒక బ్లాకులో, ముదురువన్నీ ఒక బ్లాకులో పడేయండి. అన్నీ కలిపి ఒకే బ్లాకులో వేశారో, మళ్ళీ నా కుడిచేతి బ్లాకే వస్తుంది.

మెషినే లేదంటారా? ఉత్తర కర్ణాటకలో సిద్దీ మహిళలు కుట్టే కవంది బొంత ఒకసారి చూడండి. ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు వాళ్ళు. ముక్కల్ని ముందు విడిగా అతికి, తర్వాత పొరలు కలపడం అనే రెండు పనులు వాళ్ళకి లేవు. అడుగున ఒక గుడ్డ పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క అంచుని లోపలికి మడిచి, చేత్తో రన్నింగ్ కుట్టు వేసుకుంటూ చుట్టూ తిరిగి మధ్యకి చేరతారు. అతకడమూ పొరలు కలపడమూ ఒకే కుట్టులో అయిపోతాయి. స్కేలు లేదు, టేబులు లేదు. ఒళ్ళో పెట్టుకుని కుట్టుకోవచ్చు. చేతికుట్టు వచ్చినవాళ్ళకి ఇదే మొదటి బొంతగా నేను చెబుతాను, నా మూడు సైజులు కూడా పక్కన పెట్టేయమని.

ఏ గుడ్డ, ఏ గుడ్డతో

రంగులు కలవక్కర్లేదన్నాను. గుడ్డ రకాలు మాత్రం కలవాలి. ఇక్కడ నేను పట్టుదల మనిషిని. కాటన్‌తో కాటన్ కుట్టండి. బనియన్ గుడ్డ సాగుతుంది, దాని పక్కన సాగని గుడ్డ పెడితే కుట్టు ఉబ్బుతుంది. మందపాటి జీన్స్ పక్కన పలచటి వాయిల్ పెడితే ఉతికినప్పుడల్లా బలమైనది బలహీనమైనదాన్ని లాగుతుంది, చివరికి చిరిగేది ఏదో మీకే తెలుసు. ముక్క కాటనో పాలిస్టరో తెలియకపోతే ఒక పోగు తీసి నీళ్ళగిన్నె దగ్గర పెట్టుకుని కాల్చి చూడండి. కాటన్ కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

పట్టు ముక్కల సంగతి అడుగుతారని తెలుసు. 1880ల్లో అమెరికా, ఇంగ్లండుల్లో పట్టు, వెల్వెట్ ముక్కలతో ఆకారం లేకుండా కుట్టే బొంతల పిచ్చి బాగా ఉండేది. క్రేజీ క్విల్ట్ అనేవారు. వాటిలో చాలావాటిలో ఇప్పుడు పట్టు పొడిపొడిగా రాలిపోతోంది. కారణం? పట్టు దారానికి సహజంగా ఉండే జిగురు తీస్తే దాదాపు నాలుగోవంతు బరువు పోతుంది. ఆ బరువు మళ్ళీ రావడానికి అప్పటి వ్యాపారులు తగరం, ఇనుము లవణాలు ఎక్కించేవారు. ఆ లవణాలే పోగుల్ని తినేశాయి. పాత కాటన్ బొంతల్లోనూ ఇలాంటిదే కనబడుతుంది. ఇనుము కలిపి అద్దిన గోధుమ రంగు ముక్కలు చివికిపోయి, పక్కనున్న ముక్కలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. అందుకని పాత ముక్క దేన్నయినా రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా లాగి చూడండి. చిరిగితే ఎంత ఇష్టమైనదైనా పక్కన పెట్టేయండి. ముదురు ఎరుపు, ముదురు నీలం ముక్కల్ని తడిపి తెల్లగుడ్డ మీద అద్ది చూడండి, రంగు దిగుతోందా అని. కోయకముందే అన్నిటినీ ఒకసారి ఉతికేయండి. ముడుచుకునేది అప్పుడే ముడుచుకుంటుంది. మరీ చిన్న ముక్కల్ని మెషిన్‌లో వేయకండి, పోగులు ఊడి చిక్కుపడతాయి. గిన్నెలో నీళ్ళు పోసి చేత్తో పిండితే చాలు.

పైపొర అయ్యాక మిగతాది తొందరగానే అవుతుంది. అడుగుపొర, మధ్యలో దూది పొర, పైన మీ అతుకులు. అడుగుపొర నాలుగు వైపులా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి, కుట్టేకొద్దీ అది లోపలికి లాక్కుంటుంది. పిన్నీసులు పెట్టండి, లేదా కచ్చా కుట్లు వేయండి. అంతా కుట్టే ఓపిక లేకపోతే నాలుగంగుళాలకి ఒకటి చొప్పున గట్టి దారంతో ముడులు వేయండి, నాలుగంగుళాల బ్లాకులైతే మూలలే గుర్తులు. దూది పొర ప్యాకెట్టు మీద ఎంత దూరంలో కుట్టాలో రాసి ఉంటే అది మాత్రం పాటించండి. అలా కాకుండా వదిలేస్తే ఉతుకుల్లో దూది ముద్దకడుతుంది.

ఇంకో ప్రశ్న వచ్చింది. "ఏ సైజు దాకా దాచాలి?" నేనైతే ఒకటిన్నర అంగుళం కంటే సన్నగా ఉన్నవి కాగితం పద్ధతికి ఒక డబ్బాలో వేస్తాను. అంగుళం లోపువి ఉంచను. వాటిని దిండులో కూరడానికి తీసేస్తాను. మనసొప్పదంటారా, ఇందాకటి 56 శాతం గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు సంచులు తెచ్చినవాళ్ళు ముందుకి రండి. ఎడమ టేబులు లేతవాటికి, కుడి టేబులు ముదురువాటికి. నడిమివి చేతిలోనే ఉంచుకోండి, వాటి సంగతి ఫోటోలు తీశాక చూద్దాం. ఇస్త్రీపెట్టె ఒకటే ఉంది కాబట్టి వంతులవారీగా వాడుకుందాం. ఏమ్మా, ఆ పూలగుడ్డ ఎటు వేయాలో తెలియడం లేదా? తిరగేసి చూడు ముందు.